ఇరవైయా, అరవైయా? అయ్యవారి ఫోన్‌లో కాల్ రికార్డింగ్

తిరుపతిలో గాంధీ రోడ్డు పక్క సందులో నాకు చిన్న ఫోన్ రిపేరు షాపు ఉంది. స్క్రీన్లు, బ్యాటరీలు, ఛార్జింగ్ పిన్నులు మార్చడం రోజువారీ పని. సాఫ్ట్‌వేర్ పని తక్కువగా వస్తుంది గానీ, వస్తే వదలను. ఏప్రిల్లో వచ్చిన కేసు ఒకటి మొదటినుంచి చివరిదాకా రాస్తున్నాను. అందులో నేను చేసిన పొరపాటు కూడా ఉంది. కస్టమ్ రోమ్ (కంపెనీది కాకుండా బయటివాళ్లు తయారుచేసిన ఆండ్రాయిడ్) ఉన్న ఫోన్లలో కాల్ రికార్డింగ్ పెట్టేవాళ్లలో చాలామంది అదే పొరపాటు చేస్తుంటారని నా నమ్మకం. అందుకే దాచకుండా రాస్తున్నాను.

వచ్చినాయన డెబ్బై దాటిన రిటైర్డ్ టీచరు, కొర్లగుంట వైపు ఉంటారు. మా వైపు పెద్దవాళ్లు టీచర్లని అయ్యవారు అనే పిలుస్తారు, నేనూ అలాగే పిలిచాను. కౌంటర్ మీద ఫోన్ పెట్టి, "ఫోన్లో మాట్లాడింది నేను మళ్లీ వినేటట్టు చెయ్యాల నాయనా. ఎంతైనా ఫరవాలేదు" అన్నారు.

విషయం ఏమిటంటే, వాళ్ల ఆవిడకి షుగరు. రోజూ ఇన్సులిన్, రాత్రి పూట పదహారు యూనిట్లు. రీడింగులు ఎక్కువ వస్తున్నాయని ఒక సాయంత్రం క్లినిక్ నుంచి నర్సమ్మ ఫోన్ చేసి డోసు పెంచమంది. అయ్యవారికి కుడి చెవి పూర్తిగా వినపడదు, ఎడమది సగం. ఆమె చెప్పింది ఇరవై. ఈయనకి వినపడింది అరవై. ఆ రాత్రి ఇంజెక్షన్ వేసేటప్పుడు అమ్మగారే ఆపారు. వాళ్లు వాడేది ఎర్ర మూత ఉన్న 40 యూనిట్ల సిరంజి. నిండా ఎక్కించినా నలభై దాటదు. "ఒకటిన్నర సిరంజి పొడవమని ఏ డాక్టరైనా చెప్తాడా?" అని అడిగారట. ఆ పూటకి పాత డోసే వేసుకుని, తెల్లారి క్లినిక్‌కి వెళ్లి అడిగితే ఇరవై అని తేలింది.

ఇది చెప్తూ అయ్యవారు చొక్కా జేబులోంచి క్యాలెండరు కాగితం ఒకటి తీశారు. ఆ తేదీ గడిలో నీలం పెన్నుతో 60 అని రాసి, చుట్టూ గుండ్రంగా గీత గీసి ఉంది. టీచరు చేతి రాత, అచ్చు వేసినట్టు ఉంది. ఆ కాగితం చూశాక ఈ పని ఎలాగైనా సరిగ్గా చెయ్యాలనిపించింది.

ఇరవైకీ అరవైకీ మొదటి అక్షరమే తేడా. 'ఇ'ని 'అ' నుంచి విడదీసి చూపించే ధ్వని ఎక్కువగా రెండు వేల హెర్ట్జ్ పైన ఉంటుంది. వయసు మీద వచ్చే చెవుడులో ముందు తగ్గేది ఆ పై ఫ్రీక్వెన్సీలే. పాత రకం కాల్‌లో కూడా 300 నుంచి 3400 హెర్ట్జ్ దాకా ధ్వని వస్తుంది, వోల్టీలో, అంటే 4జీ మీద నడిచే కాల్‌లో, మాటని ఇంకా స్పష్టంగా పంపే వైడ్‌బ్యాండ్ కోడెక్ నడిస్తే 7000 దాకా వస్తుంది. అంటే మాట ఫోన్ దాకా బాగానే వచ్చింది, చెవి దగ్గర జారిపోయింది. అదే మాటని హెడ్‌సెట్‌లో, నిదానంగా, రెండు మూడు సార్లు వింటే ఆయనకి అందుతుంది. కాబట్టి ఆయన అడిగింది సరైన మందే.

ఫోన్ సంగతి

ఫోన్ వాళ్ల అబ్బాయిది. అతను బెంగళూరులో ఉద్యోగం చేస్తాడు. కంపెనీ అప్‌డేట్లు ఆపేశాక బూట్‌లోడర్ అన్‌లాక్ చేసి (వేరే సాఫ్ట్‌వేర్ ఎక్కకుండా కంపెనీ వేసిన తాళం తీసి), ఆండ్రాయిడ్ 13 కస్టమ్ రోమ్ ఎక్కించి, మ్యాజిస్క్ అనే టూల్‌తో రూట్ చేసి (సిస్టమ్ లోపల ఏదైనా మార్చే అధికారం తెచ్చుకుని), కొన్నాళ్లు వాడుకుని నాన్నకి ఇచ్చాడు. లోపల స్నాప్‌డ్రాగన్ 660 చిప్. రోమ్ మాత్రం లీనియేజ్ ఓఎస్ అనే ఓపెన్ సోర్స్ ఆండ్రాయిడ్ కోడ్ మీద ఎవరో ఔత్సాహికుడు సొంతంగా కట్టిన బిల్డ్, అధికారికమైనది కాదు.

నేను మొదట అడిగింది బ్యాంకు గురించి. అన్‌లాక్ చేసి రూట్ చేసిన ఫోన్లలో ఫోన్ నమ్మదగ్గదా కాదా అని గూగుల్ చూసే ప్లే ఇంటిగ్రిటీ పరీక్ష తప్పుతుంది, బ్యాంకు యాప్‌లు, యూపీఐ యాప్‌లు చాలావరకు మొరాయిస్తాయి. అయ్యవారి ఫోన్‌లో అవేవీ లేవు. పెన్షన్ డబ్బుకి ఆయన ఇప్పటికీ పాస్‌బుక్ పట్టుకుని బ్యాంకుకే పోతారు. ఇదే పని కోసం కొత్త ఫోన్ తెచ్చి అన్‌లాక్ చెయ్యమని ఎవరైనా అడిగితే నేను వద్దనే చెప్తాను. అన్‌లాక్ చేస్తే ఫోన్‌లో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది, ఆ తర్వాత యూపీఐ లేక తంటాలు పడాలి. ఈయన ఫోన్‌కి ఆ నష్టం ఎప్పుడో జరిగిపోయింది కాబట్టి కొత్తగా పోయేదేమీ లేదు.

మామూలు యాప్ ఒకటి వేసి ఇచ్చేస్తే సరిపోదా అని కొందరికి అనిపించొచ్చు. సరిపోదు. కాల్‌లో రెండు వైపుల మాటా పట్టుకోవాలంటే యాప్‌కి 'క్యాప్చర్ ఆడియో అవుట్‌పుట్' అనే అనుమతి కావాలి. ఆండ్రాయిడ్ దాన్ని సిస్టమ్‌లో భాగంగా ఉన్న యాప్‌లకే ఇస్తుంది. పూర్వం రికార్డర్ యాప్‌లు దొడ్డిదారుల్లో నడిచేవి. 2018లో వచ్చిన ఆండ్రాయిడ్ 9తో వాటిలో చాలావరకు మూతపడ్డాయి. తర్వాత వైకల్యం ఉన్నవాళ్ల సాయానికి పెట్టిన యాక్సెసిబిలిటీ అనుమతిని అడ్డం పెట్టుకుని నడిపారు. ఆ అనుమతిని కాల్ రికార్డింగ్‌కి వాడకూడదని గూగుల్ ప్లే నిబంధన పెట్టడంతో 2022 మే 11 నుంచి అదీ ఆగింది. ఇంకా ప్లే స్టోర్‌లో ఆ పేరుతో కనపడే యాప్‌లు చాలావరకు మైకులో పడ్డదాన్ని మాత్రమే పట్టుకుంటాయి. చెవికి ఆనించుకుని మాట్లాడే కాల్‌లో అవతలి గొంతు మైకుకి అందదు.

రూట్ ఉన్న కస్టమ్ రోమ్‌లో దీనికి మంచి దారి ఉంది. బేసిక్ కాల్ రికార్డర్ అని, అందరూ బీసీఆర్ అంటారు. ఓపెన్ సోర్స్, ఆండ్రాయిడ్ 9 నుంచి పైకి పనిచేస్తుంది. మ్యాజిస్క్ మాడ్యూల్‌గా, అంటే మ్యాజిస్క్ ద్వారా సిస్టమ్‌కి తగిలించే భాగంగా, ఎక్కిస్తే సిస్టమ్ యాప్‌లలో కూర్చుంటుంది, ఆ ప్రత్యేక అనుమతి దానికి వస్తుంది. కాల్ కలవగానే దానంతట అదే రికార్డు మొదలుపెడుతుంది. కాల్ వచ్చినప్పుడల్లా బటన్ వెతికి నొక్కడం అయ్యవారి వల్ల కాదు, కాబట్టి నాకు ఇదే నచ్చింది. ఎక్కించి, రీబూట్ చేసి, మైకు, నోటిఫికేషన్ అనుమతులు ఇచ్చి, బ్యాటరీ ఆప్టిమైజేషన్ నుంచి దాన్ని తప్పించాను. ఈ చివరిది మర్చిపోతే స్క్రీన్ ఆగి ఉన్నప్పుడు వచ్చిన కాల్ రికార్డు కాకుండా పోవచ్చు.

నా పొరపాటు

పరీక్షించడానికి ఆయన ఫోన్ నుంచి నా ఫోన్‌కి కాల్ చేశాను. రెండు ఫోన్లూ కౌంటర్ మీదే ఉన్నాయి, మధ్య జానెడు దూరం. నా ఫోన్ స్పీకర్‌లో ఉంది. ఒకదాంట్లో "హలో, వినపడుతోందా" అని, రెండోదాంట్లో "వినపడుతోంది" అని రెండుసార్లు మాట్లాడాను. కట్ చేసి ఫైల్ తెరిస్తే రెండూ స్పష్టంగా ఉన్నాయి. డబ్బులు తీసుకుని ఫోన్ ఇచ్చేశాను.

మూడో రోజు ఆయన మళ్లీ వచ్చారు. కోపం లేదు, మొహం మాత్రం వాడిపోయి ఉంది. క్లినిక్ కాల్ ఫైల్ పెట్టి వినిపించారు. "ఆ... చెప్పమ్మా... ఎంత?... ఎంతమ్మా?... సరే సరే." అంతే. ఆమె వైపు నుంచి ఒక్క మాట కూడా లేదు.

నేను రికార్డు చేసింది అసలు కాల్‌నే కాదని అప్పుడు అర్థమైంది. రెండు ఫోన్లు పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి నేను రెండోదాంట్లో అన్న మాట కూడా గాలిలోంచి అయ్యవారి ఫోన్ మైకులోనే పడింది. అవతలి వైపు దారి మూసి ఉన్నా, ఫైల్‌లో రెండు వైపులా ఉన్నట్టే వినపడింది. ఆ మూడు రోజుల్లో ఆయన దాన్ని నమ్ముకుని కాగితం మీద ఏమీ రాసుకోలేదు. మందు డోసు విషయంలో అది ఎంత ప్రమాదమో తలుచుకుంటే ఆ రోజంతా నాకు స్థిమితం లేదు. తీసుకున్న డబ్బు తిరిగి ఇచ్చేసి, ఫోన్ రెండు రోజులు ఉంచమని అడిగాను. ఆ రెండు రోజులకీ మా షాపులో ఉన్న కీప్యాడ్ ఫోన్ ఇచ్చి, క్లినిక్‌కి నేనే ఫోన్ చేసి ఆ రోజు చెప్పిన డోసు కాగితం మీద రాయించి పంపమని అడిగాను.

ఎక్కడ తెగింది

ముందు తేల్చుకోవాల్సింది తప్పు యాప్‌దా, దాని కింద ఉన్నదా అని. ఈ రోమ్‌లో ఉన్న డయలర్‌కి సొంతంగా రికార్డ్ బటన్ ఉంది. మా తమ్ముణ్ని లీలామహల్ సెంటర్ దాకా పంపి, అక్కణ్నుంచి కాల్ చేయించి, ఆ బటన్‌తో రికార్డు చేశాను. ఇందులోనూ నా గొంతే ఉంది, వాడి గొంతు లేదు. రెండు వేర్వేరు యాప్‌లలో ఒకటే రోగం అంటే యాప్‌ని అనుమానించి లాభం లేదు. ఫైల్‌ని కంప్యూటర్‌లో ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే, నేను మాట్లాడిన చోట గుట్టలు గుట్టలుగా అలలు, తమ్ముడు మాట్లాడిన చోట గీత గీసినట్టు చదునుగా ఉంది. సన్నగా వినపడటం కూడా కాదు, ఏమీ లేదు.

కాల్‌లో మాట ఎలా నడుస్తుందో తెలిస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. పాట విన్నప్పుడు ఆ ధ్వని ఆండ్రాయిడ్ చేతుల మీదుగా స్పీకర్‌కి పోతుంది. కాల్ అలా కాదు. అవతలి మాట మోడెమ్ నుంచి ఆడియో పని చూసే వేరే చిన్న ప్రాసెసర్‌కి, అక్కడి నుంచి నేరుగా చెవి దగ్గరి స్పీకర్‌కి పోతుంది. మన మాట అదే తీరుగా ఎదురు దిక్కున పోతుంది. ఆండ్రాయిడ్ నడిచే పెద్ద ప్రాసెసర్ ఈ దారిలో ఉండదు. రికార్డు కావాలంటే ఆ చిన్న ప్రాసెసర్‌ని "ఈ రెండు దారుల కాపీ ఒకటి ఇటు పంపు" అని విడిగా అడగాలి. అనుమతి ఉన్న యాప్ అడగగలదు. కానీ ఆ కాపీ ఏ దారిన రావాలో చెప్పే పట్టిక ఫోన్ తయారీదారు భాగంలో, అంటే వెండర్ ఫోల్డర్‌లో, ఉంటుంది. క్వాల్‌కామ్ ఫోన్లలో దాని పేరు మిక్సర్ పాత్స్.

ఇదే అయ్యవారికి చెప్పడానికి తిరుమల ఘాట్ రోడ్లు పనికొచ్చాయి. కొండెక్కడానికి ఒక రోడ్డు, దిగడానికి ఒక రోడ్డు. 1944లో వేసిన మొదటి రోడ్డు ఇప్పుడు దిగడానికి, 1974లో వచ్చిన రెండోది ఎక్కడానికి. "ఎక్కే రోడ్డు దగ్గర మనిషిని కూర్చోబెట్టి బండ్లు రాయమన్నాం, రాస్తున్నాడు. దిగే రోడ్డు దగ్గర కూర్చోవాల్సిన మనిషికి తప్పు చిరునామా ఇచ్చాం, ఆయన ఇంకెక్కడికో పోయాడు" అన్నాను. "అంటే నా మాటలే రాసుకుంటా ఉండాడు, ఆయమ్మ మాటలు రాసేవాడు లేడు. అంతేనా నాయనా?" అన్నారు. అంతే.

చిరునామా నిజంగానే తప్పు. కాల్ నడుస్తుండగా కంప్యూటర్ నుంచి లాగ్‌క్యాట్ (ఫోన్ లోపల జరిగేది నమోదయ్యే చిట్టా) తీస్తే, రికార్డింగ్ మొదలైన క్షణంలోనే ఒక లైను కనిపించింది: ఫలానా కంట్రోల్ లేదు, వదిలేస్తున్నాను అని. ఆ లైనే మొత్తం కథ. మిక్సర్ పాత్స్ ఫైల్‌లో అప్‌లింక్‌కి, అంటే మన మాట పోయే దారికి, 'మల్టీమీడియా 1 మిక్సర్ వోక్ రెక్ యూఎల్' అని సరిగ్గానే ఉంది. అవతలి మాట వచ్చే దారి, అంటే డౌన్‌లింక్, లైనులో మాత్రం మల్టీమీడియా పక్కన వేరే అంకె ఉంది. టైనీమిక్స్ అనే టూల్‌తో ఈ ఫోన్ కెర్నల్‌లో (ఆండ్రాయిడ్‌కి అడుగున ఉండే భాగంలో) ఉన్న కంట్రోళ్లన్నీ బయటికి తీసి చూస్తే ఆ అంకెతో డౌన్‌లింక్ కంట్రోల్ అసలు లేదు. 1తో ఉంది. బిల్డ్ కట్టినాయన ఇంకో ఫోన్ ఫైల్‌ని తెచ్చి దీనికి సరిచేసేటప్పుడు ఆ లైను మిగిలిపోయి ఉంటుందని నా ఊహ. ఇలాంటి తప్పు వల్ల ఫోన్ ఆగదు, కాల్ ఆగదు, ఎర్రర్ కూడా కనపడదు. సిస్టమ్ ఆ లైనుని దాటేసి ముందుకు పోతుంది. అందుకే ఎవరూ గమనించలేదు.

ఒక్క అంకె మార్చాలి. వెండర్‌లో నేరుగా చెయ్యి పెట్టకుండా, సరిచేసిన ఫైల్‌ని చిన్న మ్యాజిస్క్ మాడ్యూల్‌గా చేసి పైన కప్పాను. తేడా వస్తే మాడ్యూల్ ఆపేస్తే చాలు, పాత ఫైల్ అక్కడే ఉంటుంది. ఫోన్ తెరుచుకోకపోయినా సేఫ్ మోడ్‌లో బూట్ చేస్తే మ్యాజిస్క్ మాడ్యూళ్లన్నీ ఆగిపోతాయి. ఆడియో ఫైళ్లు మార్చేటప్పుడు ఈ జాగ్రత్త తప్పనిసరి. ఇక్కడ తప్పు చేస్తే రికార్డింగ్ పోవడం అటుంచి, కాల్‌లో మాటే వినపడకుండా పోతుంది. పెద్దవాళ్లు ఇద్దరే ఉండే ఇంట్లో అది జరగకూడదు.

మళ్లీ పరీక్ష

ఈసారి నా ఫోన్ షాపులో లేదు. తమ్ముణ్ని రెండు వీధుల అవతల నిలబెట్టి, కాగితం మీద పదాలు రాసిచ్చి చదివించాను: ఇరవై, అరవై, పన్నెండు, పద్దెనిమిది, ఎనిమిది, ఎనభై. నేను నోరు మెదపకుండా, ఫోన్‌ని గుడ్డలో చుట్టి డ్రాయరులో పెట్టి మూశాను. మైకుకి ఏమీ వినపడకూడదు, అప్పుడే ఫైల్‌లో వచ్చిన ప్రతి మాటా నిజంగా డౌన్‌లింక్ నుంచి వచ్చిందని చెప్పగలం. ఫైల్ తెరిచాను. "ఇరవై" అన్న మాట తమ్ముడి గొంతులో, వెనక ఆటో హారన్‌తో సహా, వచ్చింది. అంత సంతోషం ఈ మధ్య ఇంకే రిపేరులోనూ కలగలేదు.

తర్వాత రెండు సిమ్‌లతోనూ, వచ్చిన కాల్, చేసిన కాల్, స్పీకర్, వైరు హెడ్‌సెట్, బ్లూటూత్, హోల్డ్‌లో పెట్టి తీసిన కాల్, అన్నీ ఇదే పద్ధతిలో చూశాను. కాపీ తీసేది మాట స్పీకర్‌కి చేరకముందే కాబట్టి బ్లూటూత్‌లోనూ తేడా రాలేదు. వాట్సాప్ కాల్ మాత్రం బీసీఆర్ పట్టదు. అది మామూలు ఫోన్ కాల్ కాదు, దాని దారే వేరు. మందుల మాటలు వాట్సాప్ కాల్‌లో చెప్పొద్దని వాళ్ల అబ్బాయికి గట్టిగా చెప్పాను.

ఫైళ్లు ఓపస్ అనే ఆడియో ఫార్మాట్‌లో, సెకనుకి 24 కిలోబిట్లకి పెట్టాను. నిమిషానికి 180 కేబీ దాకా అవుతుంది. మాటకి అది చాలు. ఇంకా పెంచితే ఫైల్ పెరుగుతుంది గానీ, నెట్‌వర్క్ మోసుకురాని స్పష్టత ఎక్కణ్నుంచీ రాదు. ఆ ఫోల్డర్‌కి హోమ్ స్క్రీన్ మీద షార్ట్‌కట్ పెట్టి, వేగం ముప్పావు వంతుకి తగ్గించుకోగల ప్లేయర్ వేసిచ్చాను.

ఏది రికార్డు చెయ్యాలి

అన్ని కాల్స్ రికార్డు చేసేలా పెట్టడం ఒక్క నొక్కుతో అయ్యే పని. నేను పెట్టలేదు. బీసీఆర్‌లో ఏ నంబర్లు రికార్డు కావాలో నియమం పెట్టుకోవచ్చు. క్లినిక్, మందుల షాపు, ల్యాబ్, ఈ మూడు నంబర్లే పెట్టాను. ఫైళ్లు 30 రోజుల తర్వాత వాటంతటవే పోతాయి. అయ్యవారికి ఫోన్ చేసే చెల్లెలు, పాత విద్యార్థులు తమ కష్టసుఖాలు చెప్పుకుంటారు, ఆ మాటలు ఫైళ్లుగా పడి ఉండాల్సిన అవసరం లేదు. ఆయనకి నేను చెప్పకముందే ఇది తెలుసు. "వాళ్లు నాకు చెప్పినారు, పెట్టెకి కాదు" అన్నారు.

రికార్డు చేస్తున్న సంగతి క్లినిక్ వాళ్లకి చెప్పమని కూడా పట్టుబట్టాను. గూగుల్ డయలర్ అయితే రికార్డు మొదలవగానే రెండు వైపులకీ వినపడేలా ప్రకటన చేస్తుంది. ఇక్కడ ఆ ప్రకటన లేదు, కాబట్టి చెప్పాల్సిన బాధ్యత మన మీదే ఉంది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు 2017లోనే చెప్పింది. మన కాల్ మనం గుర్తు కోసం దాచుకోవడం ఒకటి, ఇంకొకరి ఫోన్‌లో వాళ్లకి తెలియకుండా ఇది ఎక్కించడం ఇంకొకటి. భార్య ఫోన్‌లోనో, కోడలి ఫోన్‌లోనో పెట్టమని నెలకి ఒకరైనా వస్తారు. ఎంత ఇస్తామన్నా చెయ్యను.

అయ్యవారు తానే క్లినిక్‌కి వెళ్లి, చెవి సంగతి చెప్పి, రికార్డు చేసుకుంటున్నానని చెప్పి వచ్చారు. నర్సమ్మ ఏమీ అనుకోలేదట.

జూన్‌లో హెడ్‌సెట్ మార్చుకోవడానికి వచ్చినప్పుడు ఒక ఫైల్ వినిపించారు. అందులో ఆమె, "ఇరవై రెండు సార్. రెండు, రెండు. రెండు సార్లు రెండు" అంటోంది. ఈయన తిరిగి "రెండు, రెండు" అంటున్నారు. అమ్మగారు వెనక నుంచి "రాసుకోండి" అంటున్నారు. ముగ్గురి గొంతులూ ఉన్నాయి.

ఆ తప్పు లైనుని బిల్డ్ కట్టినాయనకి లాగ్‌తో సహా పంపాను. తర్వాత వచ్చిన బిల్డ్‌లో అంకె సరిచేసి ఉంది. వినాయక చవితికి వాళ్ల అబ్బాయి ఊరికి వచ్చినప్పుడు రోమ్ అప్‌డేట్ చెయ్యాలి. కొత్త ఫైల్ మీద నా పాత ఫైల్ కప్పి ఉండకూడదు కాబట్టి ముందుగా నా మాడ్యూల్ తీసెయ్యాలి. ఆ తర్వాత తమ్ముణ్ని మళ్లీ రెండు వీధుల అవతలికి పంపి, ఇరవై, అరవై చదివించాలి.